పెద్దాయన ఇంటి రింగు

పెద్దాయన వేసిన ఆ షాట్ గురించి నేను మొదటిసారి విన్నప్పుడు అది కోర్టు మధ్యగీత దగ్గర నుంచి పడింది. తర్వాతి వారం విన్నప్పుడు మధ్యగీతకు ఒక బార వెనక నుంచి పడింది. నెల తిరిగేసరికి తన సొంత రింగు కింద నిలబడి విసిరితే అవతలి రింగులో పడింది. ఇంకో నెల ఆగితే హాలు బయట కారు పార్క్ చేస్తూ కిటికీలోంచి వేశానని చెబుతాడేమోనని నాకు భయం పట్టుకుంది.

కువైట్‌లో ఒక తరానికి బాస్కెట్‌బాల్ అంటే గుర్తొచ్చే మనిషి ఆయన. ఇప్పుడు డెబ్బై దాటాయి. పేరు రాయను. ఆయన మనవళ్ళలో ఒకడు లాయరు.

నేను తెలుగు దినపత్రికల్లో చాలాకాలం పనిచేసి, జిల్లా ఎడిషన్లు ఒక్కొక్కటీ ముడుచుకుపోతుంటే వాటితో పాటు ముడుచుకుపోకుండా ఇక్కడికొచ్చి పడ్డాను. షువైఖ్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇంగ్లీషు మేటరు చూసే ఉద్యోగం. చూడటమంటే, హోటలు మెనూలో బిర్యానీ కింద టైర్ల రేటు పడకుండా చూడటం. ఒకరోజు మా మేనేజరు పిలిచి, ఒక క్లబ్బు తన పాత హాలును పడగొట్టి కొత్తది కట్టిందనీ, ప్రారంభోత్సవానికి పంచే పుస్తకం మనమే వేస్తున్నామనీ, నడిమి పేజీల్లో పెద్దాయన జీవితం ఉండాలనీ చెప్పాడు. ఇంగ్లీషులో నేను రాస్తే అరబ్బీలోకి మా ఈజిప్టు ఆయన మారుస్తాడు. "నువ్వు జర్నలిస్టువి కదా, బతికున్నవాళ్ళ గురించి కూడా రాయగలవు కదా?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. మా డెస్కులో మేం ప్రముఖుల జీవితాలు రాసింది ఎక్కువగా వాళ్ళు పోయిన సాయంత్రాలే.

నన్ను తీసుకెళ్ళడానికి పెద్దాయన డ్రైవరు వచ్చాడు. రాయచోటి మనిషి, తెలుగు ముస్లిం. కారెక్కిన రెండో నిమిషానికే నన్ను 'అన్నా' చేసేసుకున్నాడు. ఆ 'అన్నా'లో సగం మింగేసి 'నా' అంటాడు.

"బాబా మంచోడే నా. కోపం వచ్చినప్పుడే రోంత మనిషి కాడు."

ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానిని బాబా అంటారు, యజమానురాలిని మామా అంటారు.

"ఆ చివరి షాట్ సంగతి నీకు తెలుసా?" అన్నాను, విలేకరి బుద్ధి పోనిచ్చుకోక.

"తెలుసా అంటావేంది నా! నేను వచ్చినప్పట్నుంచి వింటాండా. నాకు కల్లో గూడా ఆ బంతే పడతాంది."

సబా అల్ సలేంలో వాళ్ళది మూడంతస్తుల ఇల్లు. ముందు కార్లు నిలిపే చోట మనవళ్ళ కోసం కొన్న బాస్కెట్‌బాల్ స్తంభం ఉంది. చక్రాలున్న దిమ్మ మీద ఇనప కాడ, పైన బోర్డు, రింగు. కాడ పక్కన ఒక పిడి ఉంటుంది. దాన్ని తిప్పితే రింగు పైకీ కిందికీ జరుగుతుంది. పిల్లలు ఎదిగేకొద్దీ రింగును పెంచుకోడానికి అలా చేస్తారట. సముద్రపు గాలికి ఆ పిడి ఎప్పుడో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మనవళ్ళు ఫోన్లలో ఎదిగారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రింగు మాత్రం పదడుగుల దగ్గరే నిలిచిపోయింది. అసలు ఆటలో ఉండాల్సిన ఎత్తు అదే. రింగు కింద నుంచి నడిచే ఏ మగవాడూ ఒకసారి గెంతకుండా పోడు. నేనూ గెంతాను. నేను కాస్త పొడుగే అయినా నా వేళ్ళకు వల చివర అందలేదు. డ్రైవరు మర్యాదగా అటు తిరిగి నవ్వుకున్నాడు.

ఇంటికి ఆనుకుని దీవానియా. మన ఊళ్ళో క్షౌరశాలలో జరిగే చర్చలకు ఏసీ పెట్టి, కింద తివాచీ పరిచి, గోడల పొడుగునా మెత్తలు వేసి, అలుపు లేకుండా టీ పోస్తే అది దీవానియా. సాయంత్రం నమాజు తర్వాత మగవాళ్ళు వచ్చి కూర్చుంటారు. టీ పోసేది కూడా మా డ్రైవరే. పెద్దాయన గుమ్మం తగలకుండా తల వంచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన తండ్రి చెక్క ఓడల మీద ఖర్జూరం తీసుకుని బొంబాయి వెళ్ళి కలప తెచ్చిన నావికుడు. అందుకని ఆయనకు రేవు హిందీ వచ్చు. నాకు డెస్కు హిందీ వచ్చు. ఆ రెండింటి మధ్య ఒక జీవితం ఇరుక్కుంది. నేను ఇక్కడ దాన్ని తెలుగులో రాస్తున్నాను.

"సహాఫీ, రాసుకో," అన్నాడు. సహాఫీ అంటే విలేకరి. చివరిదాకా నన్ను అలాగే పిలిచాడు.

పుట్టింది సముద్రం పక్కన మట్టిగోడల ఇంట్లో. బళ్ళో పాలస్తీనా నుంచి వచ్చిన ఒక పంతులు పీపా అంచుకున్న ఇనపకట్టు ఊడదీసి గోడకు కొట్టి, ఇందులో బంతి వెయ్యండిరా అన్నాడట. ఆ కట్టు అసలు రింగు కంటే ఇరుకు. "తర్వాత నిజమైన రింగు చూశాను సహాఫీ. బావిలా ఉంది. ఇందులో పడకుండా వేయడం ఎలాగో నేర్చుకోవాలి అనుకున్నాను." పదమూడేళ్ళకే గుమ్మానికి తల కొట్టుకునేంత ఎదిగాడు. బట్టలు కుట్టించలేక వాళ్ళమ్మ, ఇక చాలు ఆపమని రోజూ దేవుణ్ణి వేడుకునేదట. క్లబ్బు తీసుకుంది, తర్వాత దేశపు జట్టు తీసుకుంది. ఆ తర్వాత లెబనాన్‌లో ఒక క్లబ్బు జీతమిచ్చి, హోటలు గదిచ్చి, రోజూ పాలు పోసి ఆడించుకుంది. ఇక్కడి నుంచి బయటికి పోయి ఆటతో బతికిన తొలితరం వాళ్ళలో ఒకడు. "ఆడితే డబ్బులిస్తారని మా నాన్న నమ్మలేదు. ఏదో దొంగరవాణా చేస్తున్నాననుకున్నాడు. చనిపోయేదాకా నాకోసం క్షమాభిక్ష కోరేవాడు."

మోకాలు పోయి తిరిగొచ్చాడు. ప్రభుత్వం ఉద్యోగమిచ్చింది. అందులో ఏం చేసేవారని అడిగాను. పెద్దాయన చాలాసేపు ఆలోచించాడు. మిగతావాళ్ళను కూడా అడిగాడు. ఎవరికీ గుర్తు రాలేదు.

ఫ్రీ త్రో అంటే ఆయనకు జపం లాంటిది. ఎదురుగా ఎవరూ అడ్డం రాకుండా, గీత దగ్గర నిలబడి ఒంటరిగా వేసే బంతి అది. బోర్డుకు తగిలించకుండా నేరుగా రింగులో పడాలంటాడు. "బోర్డు అంటే గోడ. గోడ పట్టుకుని నడిచేవాడు ముసలాడు, ఆటగాడు కాడు." ఆ మాట నేను అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాను. అది తర్వాత పనికొచ్చింది, ఆయనకు కాదు.

ఇక ఆ షాట్. రెండు క్లబ్బుల మధ్య ఫైనలు. ఒక పాయింటు వెనక. ఆఖరి క్షణంలో దూరం నుంచి పెద్దాయన బంతి విసిరాడు, పడింది, కప్పు వచ్చింది. ఇంతవరకు పేచీ లేదు. టీవీవాళ్ళు తీసిన టేపు ఒక్కటే ఉండేది. ఇరాక్ సైన్యం వచ్చిన ఏడాది అది పోయింది. సాక్ష్యం పోయాక షాట్ ఎంత దూరమైనా పెరగొచ్చు. దానికి అడ్డుగా మిగిలింది ఒక్క మనిషి. ఆయన రోజూ వచ్చి పెద్దాయనకు ఎదురుగా కూర్చుని, ఆయన టీయే తాగుతాడు.

ఆ మనిషి ఓడిన జట్టువాడు. పొట్టివాడు, గుండ్రటివాడు, గొంతు మాత్రం లారీ హారను. ఆ షాట్ వేసేటప్పుడు పెద్దాయన మొహం ముందు చెయ్యి పెట్టింది ఈయనే. ఆట అయిపోయిందని విజిల్ మోగింది కాబట్టే చెయ్యి తీశాననీ, చెయ్యి తీశాను కాబట్టే బంతి పడిందనీ, కాబట్టి ఆ కప్పు తన అల్మారాలో ఉండాల్సిందనీ ఈ పొట్టాయన వాదన. దేశంలో ఎన్ని మారినా ఈ వాదన మారలేదు. వాళ్ళిద్దరి పిల్లలు ఒకరినొకరు పెళ్ళి కూడా చేసుకున్నారు.

నేను కూర్చున్న రెండో సాయంత్రమే గొడవ రేగింది. కొత్త హాలు ప్రారంభంలో రిబ్బను కత్తిరించాక పెద్దాయన మొట్టమొదటి ఫ్రీ త్రో వేయాలని క్లబ్బువాళ్ళు అడిగారు. ఈయన ఒప్పుకున్నాడు. పొట్టాయన అరబ్బీలో ఏదో అన్నాడు. గదంతా ఘొల్లుమంది.

"ఏమంటున్నాడు?" అని టీ పోస్తున్న డ్రైవరును అడిగాను.

డ్రైవరు నా చెవి దగ్గర వంగాడు. "నీ మోకాలు కిర్రుమనే సప్పుడుకే రిఫరీ విజిల్ అనుకోని ఆట ఆపేస్తాడు అంటాండాడు నా."

పెద్దాయన ఏదో తిరిగిచ్చాడు.

"నువ్వు గీత దగ్గర నిలబడితే బంతి యాదో మనిషి యాదో తెలీక నిన్నే ఎత్తి యాస్తారు అన్న్యాడు."

పొట్టాయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, వేలు చూపిస్తూ నెమ్మదిగా మాట్లాడాడు. డ్రైవరు కూడా టీ కెటిలు దించాడు.

"ఇది పెద్ద మాట నా. ఆ పొద్దు నువ్వు బంతి యాస్తే, నేను మైకు పట్టుకోని అందరి ముందర ఆ పాత షాటు సరైందేనని చెప్తా. యాయలేకపోతే నువ్వు మైకు పట్టుకోని అది విజిల్ తర్వాత యాసిందని చెప్పల్ల. ఖలాస్ అన్న్యాడు."

పెద్దాయన చెయ్యి చాచాడు. చేతులు కలిశాయి. ఒక మనిషి జీవితమంతా చెప్పుకున్న కథ ఒక్క బంతి మీదికి వచ్చి కూర్చుంది. నా నడిమి పేజీలు కూడా దాని వెనకే కూర్చున్నాయి.

మర్నాటి నుంచి సాధన. పొడవాటి తెల్ల అంగీ కింద ట్రాక్ ప్యాంటు వేసుకుని పెద్దాయన రింగు ముందు నిలబడ్డాడు. కుడి భుజం పూర్తిగా లేవదు. బంతి చెవి దాకా వెళ్ళి అక్కడ ఆలోచనలో పడుతుంది. విసిరితే వల కింది నుంచి పోయేది, లేదా రింగు ముందంచుకు తగిలి తిరిగి ఆయన కాళ్ళ దగ్గరికే వచ్చేది. ఒక్కటీ పడలేదు. ఇంట్లో బతుకు దుర్భరమైంది. ఆ సంగతి నాకు చెప్పింది వంటామె. కోనసీమ నుంచి వచ్చింది. పెరటి గుమ్మం దగ్గర నాకు మంచినీళ్ళిస్తూ కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"ఏం చెప్పమంటారండి అన్నయ్యగారూ. బంతి పడకపోతే కూరలో ఉప్పు లేదంటాడండి. ఉప్పేత్తే ఉప్పెక్కువైందంటాడండి. నిన్న మచ్‌బూస్ పళ్ళెం ఎనక్కి పంపేశాడండి. మాంసం అన్నం అండి, నా చేత్తో నేను పొద్దుట్నించి వండింది. బంతి నేనేం వండలేదు కదండీ?"

"డ్రైవరుకు చెప్పి కాస్త సర్దమనకపోయావా?"

"ఆ సాయిబుతోనా? ఆయ్, నేను మాట్లాడనండి. కార్లో ఏసీ ఏసుకుని పడుకుంటాడని మామాకి నేను చెప్పానని నా మీద కచ్చండి ఆయనకి. చెప్పాననుకోండి, అది వేరే సంగతి."

ఈ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. డ్రైవరు బాబా మనిషి, వంటామె మామా మనిషి. ఎవరి ఆర్డరు వాళ్ళకు పైనుంచి నేరుగా వస్తుంది. పక్కవాడికి చెప్పాల్సిన పనిలేదు. ఒక్కోసారి చెబితే తప్పు కూడా. మా పత్రికలో ఎడిటోరియలుకూ సర్క్యులేషనుకూ మధ్య ఉన్న సంబంధం లాంటిదే.

తర్వాతి వారం వెళ్ళేసరికి ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. పెద్దాయన నన్ను చూడగానే, "సహాఫీ, చూడు!" అని బంతి విసిరాడు. పడింది. మళ్ళీ విసిరాడు. పడింది. మూడోది తప్పింది కానీ దానికి ఎండ కారణమన్నాడు. సూర్యుడు ఆయన వీపు వెనకున్నాడు. లోపల వంటామె పాట వినిపిస్తోంది. స్తంభానికి కొత్త రంగు వేశారు, నీలం. తిరిగి వెళ్ళేటప్పుడు అలవాటుగా రింగు కింద గెంతాను. నా వేళ్ళు వల చివరను పట్టుకున్నాయి.

యాభై దాటిన మనిషి వారం తిరగకుండా జానెడు ఎక్కువ గెంతడు. పత్రికలో పనిచేసినందుకు ఆ మాత్రం అనుమానం మిగిలింది. కారు షువైఖ్ దారి పట్టాక అడిగాను.

"రింగు ఎంత దించావు?"

డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. సిగ్నలు దగ్గర ఆపాడు. పచ్చలైటు పడినా కదల్లేదు. వెనక హారన్లు మోగాయి.

"జానెడే నా."

"ఎప్పుడు?"

"రంగు ఏపిస్తానని చెప్పి బండ్లో ఎత్తుకోని షువైఖ్ తీసకపోతి. ఆడ మా కడప పిల్లోడు మెకానిక్ ఉండాడు. పిడి బిగుసుకోనుంటే నూనె పోసి తిప్పె. లోపల ఒక కడ్డీ ఇరిగిపోయింటే ఏరే కడ్డీ యాసిచ్చె. అది రోంత పొడుగుండాది, ఏం కాదు లే అనె. తిప్పి తిప్పి జానెడు దించితిమి. ఎన్ని చుట్లు తిప్పితినో లెక్క పెట్టుకోనుండా నా, మనం అంత తెలివి లేనోళ్ళమా? ఇంట్లో అందురూ బాగుండారు. బాబా నాకు సెలవు గూడా ఇస్తానన్న్యాడు. ఇంగేంది?"

"కొత్త హాల్లో రింగు కూడా షువైఖ్ తీసుకెళ్తావా?"

అతని మొహంలో రంగు మారింది. ఆ సంగతి అతనికి తట్టలేదు. ఇంట్లో శాంతి గురించి ఆలోచించాడు కానీ, బంతి పడాల్సింది ఇంకో చోట అన్న మాట మరిచిపోయాడు. ఆయన రోజూ తొమ్మిదడుగుల చిల్లర ఎత్తుకు చెయ్యి అలవాటు చేసుకుంటున్నాడు. హాల్లో పదడుగుల రింగు ముందు, ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనం ముందు, బంతి జానెడు కింద నుంచి పోతుంది. తర్వాత మైకు ఆయన చేతికి వస్తుంది.

"సచ్చినా నా," అన్నాడు.

ఒక్కసారిగా ఎత్తితే కనిపెట్టేస్తాడు, మళ్ళీ ఏదీ పడదు, మళ్ళీ కూరలో ఉప్పు. కాబట్టి రోజుకో చుట్టు ఎక్కించమన్నాను. పొద్దున్నే కారు కడిగేటప్పుడు ఎవరూ చూడకుండా ఒక్క చుట్టు. ఎన్ని దించాడో అన్నీ ఎక్కించాక ఆపేయాలి. ప్రారంభోత్సవానికి రోజులు సరిపోతాయి. అతను తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు.

పెద్దాయన రింగుతో పాటే కష్టపడ్డాడు. రింగు పారిపోతోందని ఆయనకు తెలియదు, తన భుజం మొరాయిస్తోందనుకున్నాడు. ఆస్పత్రికి వెళ్ళి వ్యాయామాలు నేర్చుకున్నాడు. ఒక రబ్బరు పట్టీ తలుపు గడియకు కట్టి లాగేవాడు. ఒకసారి గడియే ఊడొచ్చింది. మోకాళ్ళు వంచి కింది నుంచి ఊపు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. బంతి విసిరేటప్పుడు "యల్లా!" అని అరిచేవాడు, ఒంటెను లేపినట్టు. పడేది, తప్పేది, మళ్ళీ పడేది. చివరి వారం నేను చూసేసరికి ప్రతి బంతికీ ఒళ్ళంతా పెట్టి ఆకాశంలోకి విసురుతున్నాడు. ఆయాసపడుతూ నా వైపు తిరిగి, "లెబనాన్‌లో కూడా ఇంత కష్టం కాలేదు సహాఫీ. ముసలితనం అంటే ఇదన్నమాట," అన్నాడు. అప్పుడు మొదటిసారి ఆయన మొహంలో భయం చూశాను. షాట్ దూరం గురించి ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు.

నేను రింగు కింద గెంతి చూశాను. అందలేదు. సంతోషించాను. ఎంత దూరంలో అందలేదో చూడలేదు. సబ్ ఎడిటర్ల జబ్బది. తప్పు కనపడకపోతే ఒప్పేనని సంతకం పెట్టేస్తాం.

పుస్తకం అప్పటికే మిషనెక్కింది. ఆ షాట్ గురించి 'ఆట ఆఖరి క్షణంలో' అని రాశాను. క్షణానికి ఇవతలో అవతలో చెప్పలేదు.

ప్రారంభోత్సవం రోజు హాలు నిండిపోయింది. డ్రైవరూ నేనూ వెనక వరసలో నిలబడ్డాం. రిబ్బను తెగింది, చప్పట్లు అయ్యాయి. పెద్దాయన తలపాగా తీసి మనవడి చేతికిచ్చి గీత దగ్గరికి నడిచాడు. కోర్టు పక్కన పొట్టాయన రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని నిలబడ్డాడు. మైకు పట్టుకున్న కుర్రాడు ఇద్దరి మధ్యా ఎటు వెళ్ళాలో తెలియక ఊగుతున్నాడు. డ్రైవరు పెదాలు కదులుతున్నాయి, దువా చదువుతున్నాడు. మామా ఆడవాళ్ళ వరసలో కూర్చుని ఉంది. ఆమె పక్కన పిల్లల సంచులు పట్టుకుని వంటామె. ఆమె కూడా కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతోంది. అందరు దేవుళ్ళకీ ఒకే బంతి గురించి దరఖాస్తులు వెళ్ళాయి.

పెద్దాయన బంతిని నేలకు కొట్టాడు. తలెత్తి రింగును చూశాడు. కళ్ళు చిట్లించాడు, ఏదో తేడాగా తోచినట్టు. మళ్ళీ చూశాడు. తర్వాత మోకాళ్ళు వంచి, "యల్లా!" అని ఒళ్ళంతా పెట్టి విసిరాడు.

బంతి రింగు వైపు పోలేదు. రింగు మీదుగా, చాలా పైనుంచి పోయింది. ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు తలలు వంచారు. బోర్డు పై అంచుకు ఒక బెత్తెడు కింద ఠాప్‌మని తగిలింది. వెనక్కి వచ్చి, రింగు అంచు మీద కూర్చుని, ఒకసారి అటూ ఇటూ చూసి, లోపలికి జారింది.

హాలు దద్దరిల్లింది. డ్రైవరు నన్ను ఎత్తేశాడు. కానీ పెద్దాయన మొహంలో సంతోషం లేదు. బోర్డు తగిలింది. గోడ పట్టుకుని నడిచాడు, ఊరందరి ముందు.

మైకు పొట్టాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. అరబ్బీలో రెండే వాక్యాలు చెప్పాడు. హాలు పగలబడి నవ్వింది.

"ఏమన్నాడు? ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్న్యాడు నా. 'ఆ పొద్దు షాటు లెక్కే' అన్న్యాడు." డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "'ఈ పొద్దుది కాదు' అన్న్యాడు."

ఆ తర్వాత జరిగింది సబా అల్ సలేం ఇంట్లో. పెద్దాయన హాల్లోనే పేచీ పెట్టాడు. రింగు కిందికుంది, నన్ను మోసం చేశారు, లేకపోతే నా బంతి బోర్డుకు తగలదు అన్నాడు. హాలు చూసుకునే మనిషి టేపు తెచ్చి కొలిచి చూపించాడు. సరిగ్గా పదడుగులు. పెద్దాయన ఆ టేపు లాక్కుని ఇంటికొచ్చాడు. వెనకే పొట్టాయన, వెనకే మేము. నిచ్చెన వేయించి ఇంటి రింగు కొలిపించాడు. పదడుగుల మీద జానెడు ఎక్కువ.

డ్రైవరు నా వైపు చూశాడు. నేను డ్రైవరు వైపు చూశాను. "అమ్మతోడు నా, ఎన్ని దించితినో అన్నే ఎక్కిస్తి," అని గొణిగాడు. పెద్దాయన అతణ్ణి పట్టుకుని, పిడి ఎవరు ముట్టుకున్నారని అరిచాడు. డ్రైవరు నోరు తెరిచేలోపు వంటగది గుమ్మంలోంచి వంటామె నా వైపు చూసి తెలుగులో ఏడుపు అందుకుంది.

"అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి! నాకేం తెలీదండి! రోజూ చెత్త పారేయడానికి ఎల్లేటప్పుడు ఒక చుట్టు తిప్పమని మామా చెప్పిందండి! సాయిబు దించేశాడు, నువ్వు మెల్లగా ఎక్కించెయ్, ఎవరికీ చెప్పకు అందండి! నేను సాయిబుకి చెప్పలేదండి, ఎలాగూ మాకు మాటల్లేవు కదండీ!"

డెస్కులో ఇలాగే జరుగుతుంది. ఒకే తప్పును ఇద్దరు సబ్ ఎడిటర్లు వేరువేరుగా దిద్దితే మర్నాడు పొద్దున పేపర్లో అటువైపు తప్పు వస్తుంది. జానెడు కిందున్న రింగు కారు కడిగేటప్పుడు ఒక చుట్టు, చెత్త పారేసేటప్పుడు ఒక చుట్టు ఎక్కి ఎక్కి, షువైఖ్ పిల్లోడు వేసిన పొడుగు కడ్డీ పుణ్యమా అని, ఉండాల్సిన ఎత్తు దాటి పైకి పోయింది. మామా మేడ మెట్ల మీద నిలబడి ఏమీ ఎరగనట్టు గాజులు సవరించుకుంటోంది.

అరబ్బీలోకి ఎవరు ఏం అనువదిస్తారా అని అందరం ఎదురుచూస్తున్నాం. డ్రైవరు నోరు విప్పాడు. సగమే విప్పాడు. మేమిద్దరం రింగు ఎక్కించాం బాబా, అన్నాడు. దించిన సంగతి మింగేశాడు, 'అన్నా'లో సగం మింగినట్టే.

పెద్దాయన టేపు వంక చూశాడు. రింగు వంక చూశాడు. ఆయన మొహం మీద ఒక వెలుగు మెల్లగా పైకి పాకింది, రోజుకో చుట్టు చొప్పున. తర్వాత పొట్టాయన వైపు తిరిగి, వేలు ఆకాశానికి చూపిస్తూ అరిచాడు. డ్రైవరు అనువాదం చేయకుండానే నాకు అర్థమైంది. డెబ్బై దాటిన వయసులో, దేశంలో ఎవరూ వేయని ఎత్తులో, నెల పైన బంతులు వేశానంటున్నాడు. హాల్లో పదడుగుల రింగు తనకు చిన్నపిల్లల ఆట అయింది కాబట్టే బంతి బోర్డు దాకా పోయిందంటున్నాడు. పొట్టాయన ఆ టేపు లాక్కుని తనే నిచ్చెనెక్కి మళ్ళీ కొలిచాడు. అంతే వచ్చింది.

డ్రైవరుకు సెలవు దొరికింది. వంటామెతో మాటలు కలిశాయి, కారు ఏసీ విషయంలో తప్ప. పెద్దాయన షువైఖ్ పిల్లోణ్ణి ఇంటికి పిలిపించి, రింగును అదే ఎత్తులో ఉంచి, పిడిని ఎవరూ తిప్పకుండా వెల్డింగు చేయించాడు. ఇప్పుడు మనవళ్ళు ఫోన్లు జేబులో పెట్టి ఎప్పుడైనా బంతి పట్టుకున్నా అది రింగు దాకా పోదు. ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని, "నేను వేశాను, మీకేం రోగం?" అంటుంటాడు.

పాత షాట్ గురించి దీవానియాలో ఇక ఎవరూ మాట్లాడరు. అది తేలిపోయింది కదా, రుచి పోయింది. మొన్న వెళ్ళినప్పుడు కొత్తగా వచ్చిన ఒక అతిథికి పెద్దాయన ఇంటి రింగు కథ చెబుతున్నాడు. పదకొండడుగులు అన్నాడు. పొట్టాయన గ్లాసు కింద పెట్టి, అంగీ జేబులోంచి టేపు తీశాడు. ఆ కొలత రోజు నుంచి అది ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుందట.